75.055 దగ్గర ఏం జరిగింది: ఒక ఎన్‌డీఎంఏ ఓఓఎస్, ఒక నిండిపోయిన ట్రాప్

నిరుడు మే నెలలో, జీడిమెట్లలోని మా ల్యాబ్‌లో షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏపీఐ (మాత్రలో వేసే అసలు మందు) బ్యాచ్‌లు మూడు వరసగా ఎన్‌డీఎంఏ (క్యాన్సర్ కారకమని అనుమానించే నైట్రోసమీన్ మలినం) పరీక్షలో ఫెయిల్ అయ్యాయి. 0.071, 0.066, 0.083 పీపీఎం (పది లక్షల్లో వంతులు). ఎన్‌డీఎంఏకి రోజుకి 96 నానోగ్రాములకు మించకూడదన్నది అందరికీ తెలిసిన హద్దు, రోగి రోజుకి 2 గ్రాముల మెట్‌ఫార్మిన్ వేసుకుంటాడనుకుంటే అది 0.048 పీపీఎం అవుతుంది. అంటే మూడూ హద్దు దాటినట్టే. ప్రొడక్షన్ వాళ్లు గోడౌన్‌లో డ్రమ్ములు పక్కన పెట్టేశారు, క్యూఏ (నాణ్యతా హామీ) వాళ్లు ఓఓఎస్ (హద్దు దాటిన ఫలితం మీద విచారణ) తెరిచారు, అవతల కొనుగోలుదారు రోజూ మెయిల్ పెడుతున్నాడు. ఆ పరిశోధన నా చేతికి వచ్చింది. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఏం చూశామో, ఎక్కడ తప్పుదారి పట్టామో, చివరికి మాస్ స్పెక్ (అయాన్ల మాస్ కొలిచే మెషీన్) ట్రాప్ లోపల అయాన్ల సంఖ్య ఒక్కటే మొత్తం కథని ఎలా తిప్పేసిందో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే పని చేసే చాలామంది రెజల్యూషన్ (పక్కపక్కనున్న రెండు మాస్‌లని విడదీసే శక్తి) అనే నంబర్‌ని సాఫ్ట్‌వేర్‌లో సెట్ చేస్తే వచ్చేసినట్టే అనుకుంటున్నారు.

ముందు ఒక సంగతి. మా ప్రాసెస్‌లో ఒక దశలో డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) సాల్వెంట్‌గా వాడతాం. డీఎంఎఫ్ అనగానే ఈ పనిలో ఉన్నవాళ్లకి రెండు ఆలోచనలు ఒకేసారి వస్తాయి, రెండూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి. మొదటిది భయం: డీఎంఎఫ్ విడిపోతే డైమిథైల్ అమీన్ వస్తుంది, దానికి నైట్రైట్ తగిలితే ఎన్‌డీఎంఏ పుడుతుంది. 2018లో రక్తపోటు మందు వాల్సార్టాన్ విషయంలో జరిగింది ఇదే, డీఎంఎఫ్‌లో చేసిన రియాక్షన్‌లో మిగిలిన అజైడ్‌ని చంపడానికి సోడియం నైట్రైట్ వేశారు. రెండోది అనుమానం: డీఎంఎఫ్ తానే మాస్ స్పెక్‌లో ఎన్‌డీఎంఏ వేషం వేయగలదు. 2020లో మెట్‌ఫార్మిన్ రీకాల్స్ నడుస్తున్నప్పుడు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ఈ రెండో సంగతినే హెచ్చరికగా ప్రచురించారు. కాబట్టి "డీఎంఎఫ్ ఉంది కదా, ఇది ఫాల్స్ పాజిటివ్ అయ్యుంటుంది" అనేసి ఫైల్ మూసేసే హక్కు మాకు లేదు. అదే డీఎంఎఫ్ నిజం ఎన్‌డీఎంఏకి కూడా తల్లి కావచ్చు.

ఇక మెషీన్. ముందు క్వాడ్రుపోల్, తర్వాత సీ-ట్రాప్, చివర ఆర్బిట్రాప్ ఉన్న బెంచ్‌టాప్ హై రెజల్యూషన్ మాస్ స్పెక్. మెథడ్ నేను రాసింది కాదు, నాకంటే ముందు ఉన్నవాళ్లు వేరే ప్రాడక్ట్ నుంచి తెచ్చి పెట్టినది. సిమ్ మోడ్ (ఎంచుకున్న మాస్ చుట్టూ మాత్రమే చూడటం), రెజల్యూషన్ సెట్టింగ్ 17,500, 75 చుట్టూ 4 మాస్ యూనిట్ల వెడల్పు ఐసొలేషన్ విండో (లోపలికి వదిలే మాస్ పరిధి), ఏజీసీ టార్గెట్ (ఒక్కో స్కాన్‌కి ట్రాప్‌లో నింపాల్సిన సంఖ్య) 10 లక్షల అయాన్లు, డేటా సెంట్రాయిడ్‌లో (పీక్ ఆకారం లేకుండా ఒక్క గీతగా), ఎక్స్‌ట్రాక్షన్ విండో (ఎన్‌డీఎంఏగా లెక్కలోకి తీసుకునే పరిధి) 75.0553కి అటూ ఇటూ 20 పీపీఎం. పోలిక కోసం కలిపే ఇంటర్నల్ స్టాండర్డ్ ఎన్‌డీఎంఏ-డీ6, అంటే ఆరు హైడ్రోజన్ల బదులు డ్యుటీరియం ఉన్న ఎన్‌డీఎంఏ. వాలిడేషన్ రిపోర్ట్ ఉంది, సంతకాలు ఉన్నాయి. అయితే ఆ వాలిడేషన్‌లో డీఎంఎఫ్ లేని శాంపిల్స్ వాడారు.

మొదటి రోజు మా జూనియర్ అమ్మాయి రా డేటా తెరిచి, కాసేపు చూసి, "మేడమ్, ఈ పీక్ ఏంటి ఇట్లా ఉంది?" అంది. వెళ్లి చూశాను. స్టాండర్డ్‌లో ఎన్‌డీఎంఏ పీక్ నున్నగా గంట ఆకారంలో ఉంది. శాంపిల్‌లో ఉన్నది దువ్వెన పళ్లలా ఉంది: ఒక స్కాన్‌లో ఎత్తు, పక్క స్కాన్‌లో సున్నా, మళ్లీ ఎత్తు, మళ్లీ సున్నా. సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ స్మూత్ చేసి కింద ఏరియా గీసి 0.071 అని ఇచ్చేసింది. రిపోర్ట్ పేజీలో ప్రింట్ అయిన బొమ్మ స్మూత్ చేసినదే కాబట్టి రివ్యూ చేసిన ముగ్గురిలో ఎవరికీ ఇది కనిపించలేదు. ఆ అమ్మాయి స్మూతింగ్ తీసేసి చూసింది కాబట్టి దొరికింది.

క్రొమటోగ్రామ్‌లో పీక్ అట్లా తెగి తెగి రావడానికి ఎక్కువ కారణాలుండవు. అయాన్ రావడం లేదని కాదు, వస్తోంది, కానీ దాని మాస్ స్కాన్ స్కాన్‌కీ కొంచెం కదులుతూ మనం పెట్టిన 20 పీపీఎం గీత మీద నిలబడి ఉంది. గీత లోపలికి వచ్చిన స్కాన్‌లో లెక్కలోకి వస్తోంది, బయటికి పోయిన స్కాన్‌లో పోతోంది. స్పెక్ట్రాలు ఒక్కొక్కటే తెరిచి చూశాం. 75.0553 ఉండాల్సిన చోట 75.0566, 75.0568, 75.0565, 75.0569. ఇక నాకు లెక్క వేయక తప్పలేదు.

ఆ లెక్క ఇక్కడ పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. ప్రోటాన్ చేరిన ఎన్‌డీఎంఏ 75.0553. ప్రోటాన్ చేరిన డీఎంఎఫ్ 74.0600, ఒక యూనిట్ దూరం, దానితో గొడవ లేదు. గొడవంతా దాని ఐసోటోపులతో. డీఎంఎఫ్‌లో ఒక కార్బన్ కార్బన్-13 అయితే 75.0634. నైట్రోజన్ నైట్రోజన్-15 అయితే 75.0571. మొదటిది ఎన్‌డీఎంఏకి 108 పీపీఎం దూరం, ఏ హై రెజల్యూషన్ మెషీన్ అయినా విడదీస్తుంది. రెండోది కేవలం 1.8 మిల్లీడాల్టన్లు, అంటే 24 పీపీఎం. దాన్ని విడదీయాలంటే 75 దగ్గర కనీసం 42 వేల రెజల్యూషన్ కావాలి, అదీ రెండు పీక్‌లు ఒకే ఎత్తులో ఉంటేనే. ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయితే ఇంకా ఎక్కువ కావాలి. ఆర్బిట్రాప్‌లో రెజల్యూషన్ మాస్ వర్గమూలానికి విలోమంగా మారుతుంది కాబట్టి 200 దగ్గర 17,500 అని పెట్టింది 75 దగ్గర దాదాపు 28,600 అవుతుంది. అంటే మా మెథడ్‌కి ఎన్‌డీఎంఏ, నైట్రోజన్-15 డీఎంఎఫ్ రెండూ ఒకటే ముద్ద.

నైట్రోజన్-15 సహజంగా 0.37 శాతమే కదా, అంత తక్కువది ఏం చేస్తుందని ప్రొడక్షన్ హెడ్ అడిగారు. న్యాయమైన ప్రశ్న. జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీలో) మా బ్యాచ్‌ల్లో డీఎంఎఫ్ 40 పీపీఎం దగ్గర ఉంది. అంతర్జాతీయ ఐసీహెచ్ మార్గదర్శకాల హద్దు 880 పీపీఎం, దానితో పోలిస్తే ఇది చాలా శుభ్రమైన మెటీరియల్. కానీ 40లో 0.37 శాతం అంటే 0.148 పీపీఎం. రెండూ ఒకేలా అయనైజ్ అవుతాయనుకుంటే, ఎన్‌డీఎంఏ హద్దుకి మూడు రెట్లు. తిరగేసి చూస్తే 13 పీపీఎం డీఎంఎఫ్ ఉన్నా చాలు, ఎన్‌డీఎంఏ అసలు లేకపోయినా హద్దు మీదికి తెచ్చి నిలబెడుతుంది. మీటింగ్‌లో ఇంకో గందరగోళం కూడా జరిగింది, మాస్ ఎర్రర్ పీపీఎం వేరు, శాంపిల్‌లో ఉన్న మోతాదు పీపీఎం వేరు, రెండూ ఒకే వాక్యంలో వస్తుంటే సగంమంది దారి తప్పారు. అప్పటినుంచి రిపోర్టుల్లో మోతాదుని గ్రాముకి నానోగ్రాముల్లో రాస్తున్నాం.

సరే, 24 పీపీఎం దూరంలో ఉన్నది 20 పీపీఎం విండోలోకి ఎలా వచ్చింది? డీ6 చెప్పింది. ఎన్‌డీఎంఏ-డీ6 81.0929 దగ్గర రావాలి, మాకు 81.0925 దగ్గర వస్తోంది, అంటే 5 పీపీఎం కిందికి. మెషీన్ మొత్తం తక్కువ మాస్‌లో కిందికి చదువుతోంది, అందుకే నైట్రోజన్-15 డీఎంఎఫ్ 24 నుంచి 19కి దిగి గీత లోపలికి దూరింది. క్యాలిబ్రేషన్ రికార్డులు చూస్తే వారం వారం చేశారు, కెఫీన్ 195.0877 దగ్గర పర్ఫెక్ట్‌గా ఉంది, పైన కూడా బాగుంది. కానీ 195 కింద ఎవరూ చూడలేదు. 195 దగ్గర సరిగ్గా ఉన్న గీతని 75 దాకా పొడిగిస్తే అక్కడ కూడా సరిగ్గా ఉంటుందన్న హామీ లేదు. బ్యుటైల్ అమీన్ 74.0964 పెట్టి కింది రేంజ్‌ని మళ్లీ క్యాలిబ్రేట్ చేశాం. డీ6 అర పీపీఎం లోపలికి వచ్చింది. ప్రోటోకాల్ రాసి, హైపోథిసిస్ స్టడీ కింద అవే వయల్స్ మళ్లీ ఇంజెక్ట్ చేశాం.

పీక్ పోయింది. మూడు బ్యాచ్‌ల్లోనూ.

ఆ సాయంత్రం ల్యాబ్‌లో అందరి మొహాలూ వెలిగిపోయాయి. క్యూఏ హెడ్ పెద్దాయన, "రూట్ కాజ్ దొరికింది కదమ్మా, క్యాలిబ్రేషన్. రాసేసి క్లోజ్ చేద్దాం" అన్నారు. నాకు ఒప్పబుద్ధి కాలేదు. పీక్ ఎందుకు పోయింది? ముద్ద విడిపోలేదు, ముద్ద మొత్తంగా గీత బయటికి జరిగింది, అంతే. ఆ ముద్దలో నిజంగా ఎన్‌డీఎంఏ కొంత ఉంటే అది కూడా డీఎంఎఫ్‌తో కలిసి బయటికి పోయినట్టే. ఫాల్స్ పాజిటివ్‌ని పోగొట్టి దాని స్థానంలో ఫాల్స్ నెగెటివ్ తెచ్చుకున్నామేమో. బ్యాచ్ పోతే కంపెనీకి నష్టం. ఈ రెండో తప్పు జరిగితే షుగర్ ఉన్న మనిషి ఏళ్ల తరబడి రోజుకి రెండు పూటలా ఆ మాత్ర మింగుతాడు. మా ఇంట్లోనే నాన్నగారు మెట్‌ఫార్మిన్ మీద ఉన్నారు.

పెద్దాయనతో ఒకటే చెప్పాను: "సార్, ఇదే శాంపిల్‌లో హద్దు మోతాదులో ఎన్‌డీఎంఏ స్పైక్ చేసి, అంటే కావాలని కలిపి చూద్దాం. తిరిగి వస్తే నేనే సంతకం పెడతాను." ఆయన ఒప్పుకున్నారు. మర్నాడు మూడు ప్రిపరేషన్లు, 0.048 స్పైక్. రికవరీలు 31 శాతం, 148 శాతం, 64 శాతం. ఆ కాగితం చూశాక ఎవరూ క్లోజ్ చేద్దామనలేదు. మెథడ్‌కి ఎన్‌డీఎంఏ కనపడటం లేదు. ముద్ద లోపలికి వస్తే డీఎంఎఫ్‌ని వెంటబెట్టుకుని వస్తుంది, బయటికి పోతే ఎన్‌డీఎంఏని వెంటబెట్టుకుని పోతుంది.

ఇక రెజల్యూషన్ పెంచాల్సిందే. ఇక్కడ ట్రాప్ డిజైన్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో వాడినది పాత త్రీడీ అయాన్ ట్రాప్, పాల్ ట్రాప్. మధ్యలో రింగ్ ఎలక్ట్రోడ్, పైనా కిందా రెండు మూతలు, ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) వోల్టేజ్‌తో అయాన్లని లోపల బంతిలా తిప్పుతూ ఉంచుతారు. ఈ పనికే వోల్ఫ్‌గాంగ్ పాల్‌కి 1989లో నోబెల్‌లో భాగం వచ్చింది. అందులో ఒక్క చుక్క చోటులో అన్ని అయాన్లూ గుమిగూడతాయి, అందుకని వేల సంఖ్య దాటగానే ఒకదాన్నొకటి నెట్టుకోవడం మొదలవుతుంది, మాస్ జరిగిపోతుంది, పీక్ లావెక్కుతుంది. ఎక్కువ నింపితే జబ్బు వెంటనే కనిపించేది, అందుకే మా తరం వాళ్లకి ఏజీసీ అంటే ఒక భక్తి ఉండేది. తర్వాత 2002లో లీనియర్ ట్రాప్ వచ్చాక చుక్కకి బదులు గీత పొడుగునా అయాన్లు సర్దుకోవడంతో చోటు చాలా పెరిగింది.

ఆర్బిట్రాప్ వేరే దారి. మూలం 1923 నాటి కింగ్‌డన్ ట్రాప్: మధ్యలో ఒక తీగ, చుట్టూ సిలిండర్, అయాన్ తీగ చుట్టూ తిరుగుతుంది. అలెగ్జాండర్ మకరోవ్ 2000లో ప్రచురించిన డిజైన్‌లో మధ్య ఎలక్ట్రోడ్‌ని కదురులా మధ్యలో లావుగా చివర్లకి సన్నగా చెక్కి, బయటి ఎలక్ట్రోడ్‌ని కూడా దానికి తగ్గట్టు మలిచి, అయాన్ కదురు చుట్టూ తిరుగుతూనే దాని పొడుగునా అటూ ఇటూ ఊగేలా చేశారు. 2005లో మార్కెట్‌కి వచ్చింది. ఇందులో ఉన్న అందమంతా ఆ ఊగడంలో ఉంది: ఎంత వేగంగా ఊగుతుందన్నది అయాన్ మాస్, చార్జి మీదే ఆధారపడుతుంది, అది ఎంత ఎనర్జీతో వచ్చింది, ఎంత దూరం ఊగింది అన్నదానితో పనిలేదు. చెట్టుకి కట్టిన ఉయ్యాలని మెల్లగా ఊపినా కొంచెం గట్టిగా ఊపినా ఒక ఊపుకి పట్టే కాలం దాదాపు మారదే, ఆ లెక్కన. అయాన్లు ఊగుతుంటే బయటి ఎలక్ట్రోడ్ల మీద సన్నని కరెంటు పుడుతుంది, దాన్ని ఫోరియర్ చేస్తే ఫ్రీక్వెన్సీలు, వాటి నుంచి మాస్‌లు.

మాస్ 24 పీపీఎం తేడా అంటే ఫ్రీక్వెన్సీలో దాని సగం, 12 పీపీఎం. ఎన్‌డీఎంఏ 10 లక్షల సార్లు ఊగే లోపల నైట్రోజన్-15 డీఎంఎఫ్ కేవలం 12 ఊపులు వెనకబడుతుంది. ఆ తేడా తెలియాలంటే చాలాసేపు వినాలి. 17,500 సెట్టింగ్‌లో మెషీన్ వినేది 64 మిల్లీసెకన్లు. 70,000 పెడితే 256. 75 దగ్గర అది లక్షా పద్నాలుగు వేల రెజల్యూషన్, మాకు కావలసిన 42 వేలకి రెండున్నర రెట్ల పైన. ఎల్‌సీ (లిక్విడ్ క్రొమటోగ్రఫీ) పీక్ ఆరు సెకన్ల వెడల్పు ఉంది కాబట్టి 256 మిల్లీసెకన్లకి ఒక స్కాన్ అయినా ఇరవై దాటి పాయింట్లు వస్తాయి, ఇబ్బంది లేదు. పీక్ ఆకారం మొత్తం చూపే ప్రొఫైల్ మోడ్ పెట్టాం. పనిలో పనిగా ఐసొలేషన్ విండోని 4 నుంచి 1కి తగ్గించాను, 74.0600 దగ్గర ఉన్న అసలు డీఎంఎఫ్‌ని క్వాడ్రుపోల్‌లోనే ఆపేస్తే ట్రాప్‌లో చోటంతా మనకి కావలసిన 75కే దొరుకుతుందని. ఇది నా నిర్ణయమే, అప్పట్లో చాలా తెలివైన పని అనుకున్నాను.

రెండు పీక్‌లు రాలేదు. ఒక్కటే వచ్చింది, ఇంతకు ముందు కంటే అన్యాయంగా, 75.0571 కంటే కూడా పైకి జరిగి. టెన్షన్ మొదలైంది. ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. కాలమ్, సోర్స్, వ్యాక్యూమ్, అన్నీ చూశాం. ఏమీ దొరకలేదు. తర్వాత ఆ అమ్మాయే ఎల్‌సీ పీక్ వెంబడి ఒక్కొక్క స్కాన్ జరుపుతూ చూస్తుంటే, పీక్ మొదట్లో, ఇంకా అప్పుడే లేస్తున్నప్పుడు, స్పెక్ట్రమ్‌లో మూడు పీక్‌లు విడివిడిగా చక్కగా ఉన్నాయి. శిఖరం దగ్గరికి వచ్చేసరికి దగ్గరికి జరిగి కలిసిపోయాయి. దిగేటప్పుడు మళ్లీ విడిపోయాయి. "మేడమ్, ఇక్కడ ఉన్నాయి, ఇక్కడ లేవు" అని స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది.

స్కాన్ హెడర్ తెరిచాను. ఇంజెక్ట్ టైమ్ అని ఒక లైన్ ఉంటుంది, ఎవరూ చదవరు. పీక్ అంచుల్లో 200 మిల్లీసెకన్లు, అంటే గరిష్ఠ సమయం మొత్తం తీసుకున్నా టార్గెట్ నిండలేదు. శిఖరం దగ్గర 9 మిల్లీసెకన్లు. 9 మిల్లీసెకన్లలో 10 లక్షల అయాన్లు నిండిపోయాయి. అప్పుడు వెలిగింది.

సీ-ట్రాప్ పని ఏమిటంటే, వంపు తిరిగిన ఆర్‌ఎఫ్ ట్రాప్‌లో కొంచెం నైట్రోజన్ గ్యాస్ సాయంతో అయాన్లని చల్లార్చి, ఒక పొట్టి గుంపుగా చేసి, వోల్టేజ్ కొట్టి ఒక్కసారిగా ఆర్బిట్రాప్‌లోకి తోయడం. ఎన్ని అయాన్లు తోయాలో ఏజీసీ చెబుతుంది, మెషీన్ అయాన్ ప్రవాహాన్ని అంచనా వేసి గేటు ఎంతసేపు తెరవాలో నిర్ణయిస్తుంది. విండో 4 వెడల్పు ఉన్నప్పుడు ఆ 10 లక్షల్లో అత్యధిక భాగం 74.0600 అయాన్లే, 75 దగ్గరవి మొత్తం 4 శాతం కూడా ఉండవు. నేను విండో బిగించి 74ని బయటికి పంపేశాను, కానీ టార్గెట్‌ని 10 లక్షలుగానే ఉంచాను. అప్పుడు మెషీన్ తన పని తాను చేసింది, గేటు ఇంకా ఎక్కువసేపు తెరిచి 10 లక్షలూ 75 అయాన్లతోనే నింపింది. ఒకదానికొకటి అతి దగ్గర ఫ్రీక్వెన్సీల్లో ఊగే మూడు గుంపులని, లక్షల్లో, ఒకే చోట పెట్టాను.

అట్లా పెడితే అవి విడివిడిగా ఊగవు. ఒకే చింతకొమ్మకి రెండు ఉయ్యాలలు కడితే ఒకదాని ఊపు కొమ్మ ద్వారా రెండోదానికి తగిలి కాసేపటికి రెండూ ఒకే తాళంలో పడతాయే, అట్లా చార్జి మేఘాలు రెండూ ఒకదాన్నొకటి లాక్కుని ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి ఊగుతాయి. దీన్ని కోలెసెన్స్ అంటారు. ఎంతసేపు విన్నా లాభం లేదు, ఎందుకంటే లోపల నిజంగానే రెండు ఊపులు లేవు, ఒక్కటే ఉంది. ప్రొటీన్లని కొలిచే ప్రోటియోమిక్స్ వాళ్లకి ఇది బాగా తెలుసు: టీఎంటీ 10-ప్లెక్స్ అనే లేబుల్ కిట్‌లో 127.1248, 127.1311 రిపోర్టర్ అయాన్లు 6.3 మిల్లీడాల్టన్ల దూరంలో ఉంటాయి, ఏజీసీ మరీ ఎక్కువ పెడితే అవి కూడా కలిసిపోతాయి. ఫార్మా క్యూసీలో (నాణ్యతా పరీక్షల్లో) మాత్రం ఈ మాట నేను చాలా తక్కువగా విన్నాను. ఎక్కువ అయాన్లంటే ఎక్కువ సిగ్నల్, ఎక్కువ సిగ్నల్ అంటే మంచి ఎల్‌ఓక్యూ (నమ్మకంగా కొలవగలిగే కనీస మోతాదు) అన్నది మా చేతికి అలవాటైపోయింది. పాల్ ట్రాప్‌లో వేలల్లోనే బయటపడే జబ్బు ఆర్బిట్రాప్‌లో లక్షల దాకా బయటపడదు, అందుకే జాగ్రత్త సడలిపోయింది.

మర్నాడు పొద్దున ఒక్కటే మార్చాం. ఏజీసీ టార్గెట్ 10 లక్షల నుంచి 50 వేలకి. మిగతా ఏదీ ముట్టుకోలేదు. శిఖరం దగ్గర కూడా మూడు పీక్‌లు: 75.0553 దగ్గర చిన్నది, 75.0571 దగ్గర దానికంటే పెద్దది, 75.0634 దగ్గర బాగా పెద్దది. ఇవి నిజంగా డీఎంఎఫ్ ఐసోటోపులే అని ఎలా నమ్మాలి? దానికి ప్రకృతి ఇచ్చిన తూనిక ఉంది. డీఎంఎఫ్‌లో మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్, కాబట్టి నైట్రోజన్-15 పీక్ కార్బన్-13 పీక్‌లో దాదాపు 11 శాతం ఉండాలి. మాకు 10.8 వచ్చింది. 10 లక్షల టార్గెట్‌లో అదే నిష్పత్తి లెక్క వేద్దామంటే వేయడానికి రెండు పీక్‌లే లేవు. శుద్ధమైన డీఎంఎఫ్ ద్రావణం ఒక్కటే ఇంజెక్ట్ చేస్తే 75.0571, 75.0634 వచ్చాయి, 75.0553 దగ్గర ఖాళీ. శాంపిల్‌లో మాత్రం ఖాళీ కాదు. కొంత ఎన్‌డీఎంఏ నిజంగా ఉంది.

ఆ క్షణం నాకు బాగా గుర్తు. మొదటి వారం క్లోజ్ చేసి ఉంటే రిపోర్టులో డిటెక్ట్ కాలేదు అని రాసేవాళ్లం.

అయితే 50 వేల టార్గెట్‌తో ఒక చిక్కు. ఆ 50 వేలల్లో తొంభై ఏదో శాతం డీఎంఎఫ్ ఐసోటోపులే తినేస్తున్నాయి, ఎన్‌డీఎంఏ వాటా వందల్లో ఉంటుంది. ఆర్బిట్రాప్‌లో వందల అయాన్లు కనిపిస్తాయి గానీ, నాయిస్‌కి దగ్గర, హద్దులో పదో వంతుని నమ్మకంగా కొలవడానికి చాలవు. ట్రాప్‌ని ఎంత బాగా అర్థం చేసుకున్నా దానిమీద వేయకూడని బరువు ఒకటి ఉంటుంది, ఆ బరువుని ముందే కాలమ్ దగ్గర దించాలి. మొదట్నించీ ఇదే చేసి ఉండాల్సింది. పాత సీ18 కాలమ్ మీద డీఎంఎఫ్, ఎన్‌డీఎంఏ రెండూ తొందరగా, దాదాపు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. ఫినైల్ తరహా కాలమ్‌కి మారి, మొదట్లో మిథనాల్ బాగా తక్కువ పెట్టి మెల్లగా పెంచితే రెండింటి మధ్య అర నిమిషం పైగా దొరికింది. మెట్‌ఫార్మిన్ అన్నిటికంటే ముందు వెళ్లిపోతుంది, దాన్ని డైవర్ట్ వాల్వ్‌తో వేస్ట్‌కి పంపేశాం, డీఎంఎఫ్ వచ్చే సమయంలో కూడా అంతే. ఇప్పుడు ఎన్‌డీఎంఏ వచ్చేటప్పుడు ట్రాప్‌లో డీఎంఎఫ్ తోకలో కొసరు తప్ప ఏమీ లేదు కాబట్టి టార్గెట్‌ని 2 లక్షలకి పెంచినా కోలెసెన్స్ కనిపించలేదు. రెజల్యూషన్ 70,000, ఎక్స్‌ట్రాక్షన్ విండో 5 పీపీఎం. ఇంకో ఆధారంగా ఫ్రాగ్మెంటేషన్ కూడా చూశాం: ఎన్‌డీఎంఏ విరిగి 58.0525 ఇస్తుంది, డీఎంఎఫ్‌కి ఆ ముక్క రాదు. 43.0291 ఇంకా మంచి గుర్తు గానీ మా మెషీన్ 50 కింద చదవదు.

స్పైక్ రికవరీలు 96, 102, 99 శాతం. మెథడ్‌కి మార్పు కాబట్టి చేంజ్ కంట్రోల్, డీఎంఎఫ్ వేసిన శాంపిల్స్‌తో సహా మళ్లీ వాలిడేషన్, అన్నీ ముగిశాకే బ్యాచ్‌లు పరీక్షించాం. ఇద్దరు అనలిస్టులు విడివిడిగా చేశారు. ఫలితాలు 0.011, 0.009, 0.013 పీపీఎం. మూడూ హద్దులో నాలుగో వంతు దగ్గర. మొదటి ఫలితాలని చెరిపేయలేదు, ఓఓఎస్ ఫైల్‌లో అవీ ఉన్నాయి, అవి ఎందుకు చెల్లవో చెప్పే స్పెక్ట్రాలు పక్కనే ఉన్నాయి. మధ్యలో నా తప్పుతో వచ్చిన విండో 1 రన్‌లు కూడా పెట్టించాను, ఎందుకంటే కోలెసెన్స్‌కి అంతకంటే స్పష్టమైన రుజువు లేదు.

ఇప్పుడు ప్రతి రన్‌కి ముందు డీఎంఎఫ్ ద్రావణం ఒకటి ఇంజెక్ట్ చేస్తాం, ఎన్‌డీఎంఏ చానెల్‌లో ఏమీ రాకూడదు. డీ6 మాస్ ఎర్రర్ 3 పీపీఎం దాటితే రన్ ఆగిపోతుంది. తక్కువ మాస్ క్యాలిబ్రేషన్ వారానికోసారి కాదు, సీక్వెన్స్‌కి ముందే. ఇంజెక్ట్ టైమ్‌ని క్రొమటోగ్రామ్ కింద ప్రింట్ చేయిస్తున్నాం, రివ్యూ చేసేవాళ్ల కంటికి పడాలని. స్మూతింగ్ లేని బొమ్మ కూడా జత చేస్తున్నాం, అది మా జూనియర్ అమ్మాయి పెట్టిన షరతు.

ఇంకొకటి మిగిలింది, నిద్ర పట్టనివ్వనిది. పాత మెథడ్‌తో అంతకు ముందు పాస్ అయిన బ్యాచ్‌ల సంగతేంటి? వాటిల్లో చాలా వాటికి డిటెక్ట్ కాలేదు అని రాసి పంపాం. క్యాలిబ్రేషన్ ఏ రోజు ఏ వైపు ఉందో దాన్నిబట్టి ముద్ద లోపలో బయటో ఉండేది, అంతే. మేనేజ్‌మెంట్‌లో కొందరికి ఇష్టం లేకపోయినా క్యూఏ హెడ్ పెద్దాయన ఈసారి నాకంటే గట్టిగా నిలబడ్డారు. పద్నాలుగు బ్యాచ్‌ల రిజర్వ్ శాంపిల్స్ తీసి కొత్త మెథడ్‌తో వేశాం. పన్నెండు 0.015 కంటే తక్కువ. ఒకటి 0.019. ఒకటి 0.031, హద్దు లోపలే, కానీ డిటెక్ట్ కాలేదు అని మేం సర్టిఫికెట్ ఇచ్చిన బ్యాచ్ అది. ఆ వారంలోనే కొనుగోలుదారుకి సవరించిన సర్టిఫికెట్, కారణం వివరిస్తూ ఉత్తరం, రెండూ వెళ్లాయి. ఆ బ్యాచ్‌లో డీఎంఎఫ్ పోయేలా ఎండబెట్టిన ఉష్ణోగ్రత మిగతా వాటికంటే ఎక్కువ ఉన్నట్టు బ్యాచ్ రికార్డులో కనిపించింది, ప్రొడక్షన్ వాళ్లు ఇప్పుడు ఆ డ్రైయర్ మీద పని చేస్తున్నారు.